కొత్తనీటికి చిల్లగింజ

జులై రెండో వారం దాటితే మా ల్యాబ్ బల్ల మీద సీసాలన్నీ ఒకే రంగులోకి దిగిపోతాయి. ఎగువన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వానలు పట్టుకుంటే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కొండమట్టిని కడిగి గోదావరిలో పోస్తాయి. ఒడ్డువాళ్లు దాన్ని కొత్తనీరు అంటారు, ఎర్రనీరు అంటారు. వేసవిలో ఇదే నీటిని మీటరులో పెడితే మడ్డి ఒకట్లలోనో పదుల్లోనో కనిపిస్తుంది. కొత్తనీరు తగిలాక వందల్లోకి పోతుంది, ఒక్కో ఏడు వేలల్లోకీ పోతుంది. తాగే నీటికి మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500, మడ్డి 1 యూనిట్ దాటకూడదంటుంది. వేరే నీరు దొరకని చోట 5 దాకా సరిపెట్టుకోమంటుంది. ఆ వేల నుంచి ఈ ఒకటికి నీటిని దించడం ఎలాగన్నదే నా ఉద్యోగమంతా.

నేను నీటి పరీక్షల కెమిస్టుని. కొన్నేళ్లు గోదావరి గట్టున పెద్ద రక్షిత నీటి పథకాల దగ్గర, ఆ తర్వాత చాలాకాలం ఏజెన్సీ మండలాల్లో పనిచేశాను. గింజలతో నీరు తేర్చడం గురించి పుస్తకాల్లో చదవకముందే కళ్లతో చూశాను. చూసింది బల్ల మీద పెట్టి కొలిచాను. ఆ రెండూ కలిపి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ఎందుకంటే ఈ గింజల గురించి వినేవాళ్లలో సగం మంది అది పాతకాలపు నమ్మకమని తోసేస్తారు. మిగతా సగం ఇంక ఏ మందూ అక్కర్లేదని పొంగిపోతారు. రెండూ జనానికి కీడు చేసే మాటలే.

ముందు పటిక సంగతి చెప్పాలి, ఎందుకంటే రోజూ మేం వాడేది అదే. పచారీ కొట్లో దొరికే పటిక పలుకు వేరు, ప్లాంటుకి లారీలో దిగే అల్యూమినియం సల్ఫేట్ దిమ్మలు వేరు. చేసే పని మాత్రం ఒకటే. వరద నీటిలో తేలే బంకమట్టి రేణువులు కంటికి ఆననంత చిన్నవి. వాటన్నిటి మీదా ఋణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటూ, రోజుల తరబడి అడుగుకి దిగకుండా తేలుతూనే ఉంటాయి. పటిక ఆ ఆవేశాన్ని తగ్గించి వాటిని ముద్దలు కట్టిస్తుంది. ఆ ముద్దల్ని ప్లాంటుల్లో ఫ్లాక్ అంటాం. ఫ్లాక్ బరువెక్కి అడుగుకి దిగితే పైన తేట మిగులుతుంది.

ఎంత పటిక వేయాలన్నది ఏ పట్టికలోనూ దొరకదు. రోజురోజుకీ నీరు మారుతుంది, పొద్దున్న నీరు సాయంత్రానికి మారుతుంది. అందుకే జార్ టెస్ట్ చేస్తాం. ఆరు బీకర్లు, ఒక్కోదాంట్లో లీటరు నీరు, పైనుంచి దిగే ఆరు తెడ్లు. ఒక్కో బీకరుకి ఒక్కో మోతాదు వేసి, నిమిషానికి 100 చుట్ల చొప్పున ఒక నిమిషం వేగంగా, ఆ తర్వాత 30 చుట్లకి తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు నెమ్మదిగా తిప్పి, ఆపేసి అరగంట వదిలేస్తాం. ఏ బీకరులో తేట ముందు కనబడిందో, ఏ బీకరులో ఫ్లాక్ సన్నగా ఉండిపోయి దిగడం లేదో చూస్తూ కూర్చోవడం నాకు ఇప్పటికీ విసుగు పుట్టని పని. మోతాదు సరిపోయిన బీకరులో పాలు విరిగినట్టు ఉన్నట్టుండి నీరూ మట్టీ విడిపోతాయి.

పటికకి కొన్ని ఇబ్బందులున్నాయి. అది నీటిలోని క్షారాన్ని తింటుంది. లెక్క ప్రకారం ఒక మిల్లీగ్రాము పటికకి దాదాపు అర మిల్లీగ్రాము క్షారత ఖర్చవుతుంది. వాననీరు ఎక్కువగా కలిసిన వరదలో క్షారత ముందే తక్కువ. మడ్డి ఎక్కువుందని పటిక గుమ్మరిస్తే పీహెచ్ పడిపోయి ఫ్లాక్ కట్టడమే మానేస్తుంది, అప్పుడు సున్నం పట్టుకుని పరుగెత్తాలి. నీటిలో మిగిలిపోయే అల్యూమినియంకీ హద్దుంది, లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది, పటిక బయటనుంచి రావాలి. దాని అవసరం ఎక్కువయ్యే రోజులూ రోడ్లు మునిగే రోజులూ ఒకటే.

ఏజెన్సీకి బదిలీ అయ్యాక ఒక కొండరెడ్ల గూడెంలో చేతిపంపు నీటి నమూనా కోసం వెళ్లాను. పంపు పాడై ఉంది. వాళ్లు వాగు నీరే వాడుతున్నారు. ఒక పెద్దావిడ గుమ్మం ముందు కూర్చుని ఖాళీ కుండ లోపలి గోడకి ఏదో రుద్దుతోంది.

"ఏంటవ్వా అది?" అనడిగాను.

"చిల్లగింజ తల్లీ. కొత్తనీటికి ఇదే మందు."

"ఎంతసేపు రుద్దాలి?"

"చేతికి జిగురు తగిలేదాకా. కుండ గరుగ్గా ఉండాలి, నున్నటి బిందెలో అరగదు."

జిగురు తగిలాక వాగు నీరు పోసి, చేత్తో బాగా గిలక్కొట్టి, గుడ్డ కప్పి పక్కన పెట్టింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కుండలో పైనీరు తేరి ఉంది. ఆ జిగురు అన్న మాట దగ్గరే నా చెవి నిలబడిపోయింది. ఒక కెమిస్టు అడగాల్సిన ప్రశ్నకి ఆవిడ అడక్కుండానే జవాబు చెప్పేసింది.

చిల్లచెట్టు మన ఆకురాల్చే అడవుల్లో, తూర్పు కనుమల వాలుల్లో పెరుగుతుంది. ఇందుగ అనీ అంటారు. సంస్కృతంలో కతకం. సుశ్రుత సంహిత బురద నీటిని తేర్చే వస్తువులు చెబుతూ దీన్ని కూడా లెక్కపెట్టింది. గోదావరి మనిషిగా నాకు ఇంకా దగ్గరగా అనిపించేది విలియం రాక్స్‌బర్గ్ రాసింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఆయన 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ఉండి మొక్కల తోట పెంచాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో మొదటి బొమ్మల్లోనే చిల్లచెట్టు ఉంది. గింజలు సంతల్లో అమ్ముతారని, మట్టిపాత్ర లోపల రుద్ది నీరు పోస్తే మట్టి దిగిపోతుందని, ముందుచూపున్న సిపాయిలూ అధికారులూ యుద్ధానికి పోయేటప్పుడు వీటిని వెంట ఉంచుకుంటారని రాశాడు. నేను గూడెంలో చూసిన పద్ధతికీ, రెండు శతాబ్దాల కిందట ఆయన మా జిల్లాలో చూసి రాసినదానికీ తేడా లేదు.

గింజలు తెచ్చి సాన మీద నీళ్లతో అరగదీసి, ఆ నీళ్లు వడకట్టి బీకర్లలో వేసి చూశాం. పటిక కంటే నెమ్మదిగా పనిచేసింది. కానీ కట్టిన ఫ్లాక్ ముద్దలు పెద్దవి, గట్టివి. కదిపితే చెదరలేదు. పటిక మోతాదు తగ్గించి, దానికి తోడు కొంచెం చిల్లగింజ నీరు వేసిన బీకరులో వచ్చిన తేట మిగతావాటి కంటే బాగుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. కాన్పూర్ ఐఐటీ పరిశోధకులు 1970లలోనే ఈ గింజని పరీక్షించి, దీన్లో ఋణావేశం ఉన్న పొడవాటి గొలుసు అణువులున్నాయని రాశారు. ఆ జిగురు అదే. ఆవేశాన్ని రద్దు చేసి కాదు, ఒక కొస ఒక రేణువుకీ ఇంకో కొస మరో రేణువుకీ అంటుకుని వంతెన వేసి ఇది పనిచేస్తుంది. నీటిలో కాల్షియం ఉంటే ఆ అంటుకోవడానికి ఊతం దొరుకుతుంది. అందుకే ఊరూరికీ ఫలితం మారుతుంది. ఇంకొక్కటి. ఎక్కువ వేస్తే ఎక్కువ తేరుతుందన్నది తప్పు. మోతాదు మించితే గొలుసులు ఒక్కొక్క రేణువునే చుట్టేసి, నీరు మళ్లీ మసకేస్తుంది. అవ్వ జిగురు తగలగానే రుద్దడం ఆపేయడం సరైన కొలతే.

మునగ దారి వేరు. మన పెరళ్లలో మునగ లేని ఇల్లు తక్కువ. కాయ కూర వండుతాం, ఆకు ఆషాఢంలో తప్పనిసరిగా తింటాం, చెట్టు మీద ఎండిన కాయని మాత్రం పారేస్తాం. ఆ ఎండుగింజ విలువ ప్రపంచానికి తెలిసింది సూడాన్ నుంచి. నైలు ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు మునగ గింజల్ని దంచి వరద నీటిని తేర్చుకోవడం చూసి, సామియా అల్ అజారియా జాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1970ల నుంచి ఏళ్ల తరబడి దాన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. అక్కడి ఆడవాళ్లు ఆ చెట్టుని నీరు తేర్చే చెట్టు అని పిలుస్తారని రాశారు. మన దేశంలో పుట్టిన చెట్టు అక్కడికి పోయి అక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఈ పని నేర్చుకుంది. ఆ తర్వాత ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మలావీలో థయోలో అనే చోట ఊరి నీటి ప్లాంటు స్థాయిలోనే మునగ గింజని నడిపి చూశారు.

మునగ గింజలో పనిచేసేది జిగురు కాదు, ప్రోటీన్. చిన్నది, నీటిలో కరిగేది, ధనావేశం బాగా ఉన్నది. అంటే పటికలాగే మట్టి రేణువుల ఋణావేశాన్ని నేరుగా తగ్గిస్తుంది, పీహెచ్‌ని మాత్రం కదిలించదు. అడుగున మిగిలే మడ్డి పటిక మడ్డి కంటే తక్కువ, దాన్ని మొక్కల మొదట్లో పోసుకోవచ్చు. నూనె తీసేసిన పిండి కూడా పనిచేస్తుంది. ఉప్పునీటిలో నానబెట్టి తీసిన రసం ఇంకా బలంగా పనిచేస్తుందని జపాన్ పరిశోధకులు చూపించారు. మా బల్ల మీద కూడా మంచినీటి రసానికీ ఉప్పునీటి రసానికీ తేడా తేటతెల్లంగా కనిపించింది.

లంక గ్రామాల్లో డ్వాక్రా అక్కచెల్లెళ్లకి నేర్పేటప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది. కాయ చెట్టు మీదే ఎండి గోధుమరంగుకి తిరగాలి. పచ్చికాయ గింజ పనికిరాదు. పొట్టూ రెక్కలూ తీసి తెల్లటి పప్పు మాత్రం తీసుకోవాలి, రంగు మారిన పప్పు పారేయాలి. 20 లీటర్ల బిందెకి మెత్తగా దంచిన పొడి 2 గ్రాములు, మరీ ఎర్రనీరైతే 4 గ్రాములు. దాన్ని గ్లాసెడు మంచినీళ్లలో వేసి ఐదు నిమిషాలు గిలక్కొట్టి, పల్చటి గుడ్డలో వడకడితే పాలరంగు రసం వస్తుంది. అది బిందెలో పోసి నిమిషం పాటు గబగబా, తర్వాత ఐదు పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. ఆ నెమ్మదిగా తిప్పడమే అందరూ ఎగ్గొట్టే పని. గబగబా తిప్పడం రసాన్ని కలుపుతుంది, నెమ్మదిగా తిప్పడం ముద్దని పెంచుతుంది. రెండోది లేకపోతే మొదటిది వృథా. గంట రెండు గంటలు కదపకుండా ఉంచి, పైనీరు వేరే బిందెలోకి వంచుకోవాలి. పొడి చేసి నెలలు దాచకూడదు, బలం పోతుంది. గింజని పొట్టుతోనే ఉంచి కావలసినప్పుడే దంచుకోవాలి.

మడ్డి బాగా తక్కువున్న నీటికి మాత్రం మునగ గింజ పెద్దగా పనికిరాదు. రేణువులు ఒకదానికొకటి తగిలేంత చేరువలో ఉంటేనే ముద్ద కడుతుంది. ఎండాకాలం లేతమసక నీటికి ఇసుక ఫిల్టరే దిక్కు.

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. తేట నీరంటే మంచినీరు కాదు. మట్టితో పాటు దానికి అంటుకున్న సూక్ష్మజీవులు కూడా చాలావరకు అడుగుకి దిగుతాయి. మునగ గింజతో నూటికి 90 నుంచి 99 దాకా బ్యాక్టీరియా తగ్గినట్టు పరిశోధనలున్నాయి. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ వరద నీటిలో ఉన్న లెక్క మీద నూటికి ఒకటి మిగిలినా ఒక పసిబిడ్డకి విరేచనాలు పట్టుకోవడానికి అది చాలు. పైగా గింజ నుంచి దిగిన ప్రోటీన్లూ చక్కెరలూ నీటిలోనే ఉంటాయి. మిగిలిన సూక్ష్మజీవులకి అదే తిండి. ఒక రోజు దాటితే నీరు వాసనేస్తుంది, లెక్క మళ్లీ పెరుగుతుంది. అందుకే గింజతో తేర్చిన నీరు ఆరోజుకారోజే. తేర్చాక తెర్లుతూ మరిగించాలి, లేదంటే క్లోరిన్ వేసి అరగంట ఆగాలి.

గింజ అసలు మేలు ఇక్కడే ఉందని నా నమ్మకం. బురద నీటిలో వేసిన క్లోరిన్ మట్టితో, కుళ్లిన ఆకుతో చర్య జరిపి ఖర్చైపోతుంది, ముద్దల లోపల దాక్కున్న క్రిమిని తాకనే తాకదు. బావికి బ్లీచింగ్ చల్లేటప్పుడు వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములన్న లెక్క తేరిన నీటికే వర్తిస్తుంది. ముందు గింజతో తేర్చి, పైనీరు వంచుకుని, అప్పుడు క్లోరిన్ మాత్ర వేస్తే ఆ మాత్ర తన పని తాను చేయగలుగుతుంది. గింజనీ మాత్రనీ పోటీ పెట్టేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. ఒకటి లేకపోతే రెండోది కుంటుపడుతుంది.

ఎక్కడికి వెళ్లినా ఇంకో ప్రశ్న వస్తుంది, ఫ్లోరైడ్ కూడా పోతుందా అని. నల్గొండ నుంచి వచ్చిన బంధువులు నన్ను తప్పకుండా అడుగుతారు. ఫ్లోరైడ్ నీటిలో కరిగి ఉంటుంది, మట్టిలా తేలదు. దానికోసం 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి నల్గొండ పేరే పెట్టిన పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ వాడతారు, అందులో పటిక మోతాదు చాలా ఎక్కువ. గింజలు వేసి ఫ్లోరైడ్ నీటిని తాగమని నేను ఎవరికీ చెప్పను. ఉప్పునీటికీ, పురుగుమందు కలిసిన నీటికీ కూడా అదే మాట.

అడవి ఊళ్లలో శిక్షణ పెట్టినప్పుడు మొట్టమొదట చూపించేది చిల్లగింజని కాదు, ముష్టిగింజని. చిల్లచెట్టూ ముష్టిచెట్టూ ఒకే ప్రజాతి, ఒకే అడవి. ముష్టిగింజలో స్ట్రిక్‌నిన్ ఉంటుంది, ప్రాణం తీసే విషం. అడవిలో పుట్టి పెరిగినవాళ్లు చీకట్లో కూడా పొరబడరు. కానీ పేపర్లో చదివి ఉత్సాహపడి గింజలు ఏరుకొచ్చే పట్నం పిల్లలు పొరబడతారు. ఒక శిక్షణలో కళాశాల విద్యార్థులు తెచ్చిన సంచిలో రెండూ కలిసి ఉన్నాయి. ముష్టిగింజ పెద్దది, చపటగా ఉంటుంది, పైన బూడిదరంగు పట్టులాంటి నూగు. కాయ నారింజరంగు, గుజ్జులో చాలా గింజలు. చిల్లగింజ చిన్నది, గుండ్రం, గట్టి. కాయ పండితే నల్లబడుతుంది, సాధారణంగా లోపల ఒక్కటే గింజ. చేదు చూసి తేల్చుకుందామని నాలుక మీద పెట్టొద్దని కూడా చెప్పాలి. గుర్తుపట్టగల మనిషి చేతి నుంచి వచ్చిన గింజనే వాడాలి. గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తుల్లో ఈ రెండు గింజల్నీ విడివిడిగా కొంటుంది. అక్కడి కొనుగోలు గుమాస్తాలు ఈ విషయంలో మంచి గురువులు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి నీరు నేను చూసింది అదే. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగి, జనం కొండల మీదకి ఎక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. పడవలో నీళ్ల డబ్బాలు వచ్చేవి, కానీ పడవ వచ్చేదాకా చుట్టూ ఉన్నది వరద నీరే. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోదు. ఆ గుడారాల్లో చిల్లగింజ ఎవరి కొంగు ముడిలోనో ఉండనే ఉంది. లేనిదల్లా క్లోరిన్ మాత్ర. మేం మాత్రలు పట్టుకెళ్లాం. గింజ రుద్దిన కుండలో తేరిన నీరు వంచి, మాత్ర వేసి, అరగంటయ్యాక చిన్న పరీక్ష పెట్టెతో క్లోరిన్ మిగులు చూస్తే ఉండాల్సినంత ఉంది. పక్కనే తేర్చకుండా మాత్ర వేసిన బిందెలో మిగులు దాదాపు లేదు. రెండు గొట్టాల్లో రంగు తేడా చూపించాక ఎవరికీ ఉపన్యాసం చెప్పాల్సిన పని పడలేదు. ఒకామె పక్క గుడారంవాళ్లని కేకేసి, ముందు రుద్దండి, ఆ తర్వాతే బిళ్ల, అని తానే చెప్పడం మొదలుపెట్టింది.

పట్టణాల పెద్ద ప్లాంటులకి గింజ సరిపోదని ఒప్పుకోవాలి. రోజుకి కోట్ల లీటర్లు శుద్ధి చేసే చోట అన్ని గింజలు ఎక్కడినుంచి తెస్తాం, నీటిలో మిగిలే సేంద్రియాన్ని ఏం చేస్తాం? క్లోరిన్‌తో కలిసి అది వేరే సమస్యలు తెస్తుంది. దానికి కూడా ఒక దారి వెతికారు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీవాళ్లు మునగ ప్రోటీన్‌ని ఇసుక రేణువులకి అంటించి, మిగతా సేంద్రియాన్ని కడిగేసి, ఆ ఇసుకతో నీరు వడకట్టి చూశారు. ప్రోటీన్ ఇసుకని వదలదు, నీరు వాసనేసే గొడవ తగ్గుతుంది. మన పల్లె పథకాల్లో స్లో శాండ్ ఫిల్టర్లు ఎన్నో ఉన్నాయి, పక్కనే మునగ తోటలున్నాయి. ఇది మన ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు మన నీటితో, మన ఇసుకతో చేసి చూడాల్సిన పని. ఎవరైనా వస్తే నా బీకర్లు, నా నోటుపుస్తకాలు ఇస్తాను.

ఈలోగా చేయగలిగినది చిన్నదే, ఖర్చు లేనిదే. ఏజెన్సీలో మునిగే ప్రతి ఊరికీ మే నెలాఖరులోపు సహకార సంస్థ డిపో నుంచి చిల్లగింజలు, ఆరోగ్య ఉపకేంద్రం నుంచి క్లోరిన్ మాత్రలు కలిపి ఇవ్వాలి. అడవిలో చిల్లచెట్లు తగ్గుతున్న చోట నర్సరీల్లో టేకు మొక్కల పక్కన ఈ మొక్క కూడా పెంచాలి. లంకల్లో ప్రతి ఇల్లూ మునగచెట్టు మీద ఒక కొమ్మ కాయల్ని కోయకుండా ఎండనివ్వాలి. మునగ చెట్టు గాలికి విరుగుతుంది కాబట్టి ఆ ఎండుకాయల్ని తుపాను గాలులకి ముందే దించి, పొట్టుతోనే మూతున్న డబ్బాలో వేసుకోవాలి.